కంట్లో గొడుగు

ముందు గది నుంచి

బావగారికి,

మీరు పారేయబోతూ నా చేతిలో పెట్టిన పాత కెమెరా ఇంకా బతికే ఉంది. నెలలు నిండేదాకా మెట్లు దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బడికి సెలవు పెట్టేశాను. రోజంతా వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలు చూస్తూ ఉంటే పిచ్చెక్కేలా ఉంది. అందుకని ముందు గదిలో కుర్చీలన్నీ ఓ మూలకి నెట్టి స్టూడియో పెట్టాను. నవ్వుతారని తెలుసు. నవ్వేశాక మిగతాది చదవండి.

గోడకి బూడిదరంగు దుప్పటి కట్టాను. దానికి బాగా ఎడంగా ఒక స్టూలు. నాన్న వాడిన నల్ల గొడుగు ఉంది కదా, మా కింది వాటాలో ఉండే దర్జీ చేత దాని లోపలి వైపు తెల్లగుడ్డ కుట్టించాను. ఒక ఊచ ఎప్పుడో విరిగింది, ఆ పక్క కాస్త వాలుతుంది. పెద్ద బల్బుని ఆ గొడుగులోకి తిప్పి పెడితే వెలుగు మెత్తబడి వెనక్కి వస్తుంది. మొదటిసారి ఆ వెలుగులో అమ్మని కూర్చోబెట్టి చూశాను బావా, నాకు ఏడుపొచ్చింది. రోజూ చూసే ముఖమే. ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడలేదన్నమాట.

ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం నాకు రావు. అందుకని అమ్మనీ, దర్జీనీ తీసిన రీలు మీకే పంపుతున్నాను. ప్రింట్లు వేసి, తప్పులున్న చోట ఎర్ర పెన్సిల్‌తో గీసి పంపండి. నెగటివ్‌లు మీ దగ్గరే ఉంచండి, ఇక్కడ దాచే చోటు లేదు.

మా ఆయన ఒక మాట అన్నారు. "బిడ్డ పుట్టేలోపు మీ బావగారు ఒక్క ఫోటో బాగుందని రాస్తే ఈ గది నీది. లేదంటే ఉయ్యాలది. తర్వాత నన్ననకు" అని. కాబట్టి నా గది మీ చేతిలో ఉంది. అక్కని అడిగానని చెప్పండి.

మీ మరదలు

*

స్టూడియో నుంచి

పొట్టీ,

నీ పెళ్ళి ఫోటోకి నిన్ను స్టూలెక్కించి నిలబెట్టింది నేనే. స్టూలెక్కినా మీ ఆయన భుజం దాకా రాలేదు. అలాంటిదానివి నువ్విప్పుడు ఇంకొకళ్ళని స్టూలు మీద కూర్చోబెడతావా? బాగుంది. ఎలుక తోలుని ఏడాది ఉతికినా నలుపు నలుపే అంటారు. అయినా అడిగావు కాబట్టి చెబుతా.

ప్రింట్లు ఇందులోనే పెట్టాను. చూసుకో, అన్నీ బూడిద ముఖాలే. మీ దర్జీ ఉడకేసిన బంగాళదుంపలా ఉన్నాడు. వెలుగులో వెలుగు లేదు, నీడలో నీడ లేదు. బల్బు దూరంగా పెట్టి ఉంటావు. దగ్గరికి లాగు. ముక్కు నీడ పై పెదవిని తాకకూడదు, గుర్తుపెట్టుకో. మీ దర్జీకి తాకింది, రెండో మీసం మొలిచింది.

ఇంకో సంగతి. కంట్లో వెలుగుచుక్క పడాలి. అది లేకపోతే చచ్చిన చేప కన్ను. నీకు పడింది గానీ, ఆ చుక్కలో ఒక ముక్క లేదు. నీ కుంటి గొడుగు వాడి కంట్లో అచ్చు గుద్దినట్టు ఉంది. కన్ను అద్దమే తల్లీ, ఎదురుగా ఏముంటే అది చూపించేస్తుంది. ముందా గొడుగు మార్చు.

అక్షరాలు పెద్దగా రాయి. చీమల బారులా రాస్తే ఎవడు చదువుతాడు? మీ అక్కే చదివి వినిపించింది.

బావ

*

ముందు గది నుంచి

బావగారికి,

మీరు చెప్పినట్టే బల్బు దగ్గరికి లాగాను. దర్జీకి చెమటలు పట్టాయి. "అమ్మా, ఫోటో తీస్తున్నారా, ఇస్త్రీ చేస్తున్నారా?" అన్నాడు. పక్కింటి నర్సు కూర్చుంటే గొడుగు గుడ్డ అంచు కమిలి కంపు కొట్టింది. అమ్మ మాత్రం కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా కదలకుండా కూర్చుంది. అయిందా అని కూడా అడగలేదు.

మీరు పంపిన ప్రింట్లు గోడకి అంటించి రోజంతా చూశాను. నాకర్థం కానిది ఒకటుంది. గదిలో ఆ వెలుగు అంత బాగుంటుందే, కాగితం మీదకొచ్చేసరికి ముఖాలకి మసి పూసినట్టు ఎందుకవుతోంది? మా ఆయన చూసి, "మీ బావగారు తప్పు చెప్పరుగా" అన్నారు. ఆయన వెక్కిరించినా బాగుండేది. జాలిగా అన్నారు.

గొడుగు మాత్రం మార్చలేదు. కోప్పడకండి. కొత్తది కొనొచ్చు, కానీ అది నాన్న గొడుగు.

ఇంకో రీలు పంపుతున్నాను. బిడ్డ బాగా తంతోంది. తన్నినప్పుడల్లా కెమెరా కదిలిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి మీట నొక్కుతున్నాను. అక్షరాలు పెద్దగా రాశాను, చూడండి.

మీ మరదలు

*

స్టూడియో నుంచి

పొట్టీ,

ఈసారి ఇంకా ఘోరం. ప్రింట్ల మీద ఎర్ర గీతలే ఎక్కువున్నాయి, ముఖాలు తక్కువున్నాయి. ఆ నర్సుని చూస్తే రోగులు మంచాల మీంచి లేచి పారిపోతారు. వెలుగు గదిలో బాగుంది, కాగితం మీద బాలేదు అంటున్నావు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మీ అక్కకి చూపించాను. అది కూడా పెదవి విరిచింది.

నీకో మాట చెప్పాలి. నీ కడుపు కబుర్లు ఉత్తరాల్లో తగ్గించు. తన్నింది, తిరిగింది అని రాస్తావు. చదివేది మీ అక్క. రెండుసార్లు ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చిన మనిషి. ఆ వాక్యం దగ్గర ఆగి, నీళ్ళు తాగొచ్చి మళ్ళీ చదివింది. తెలివి ఉండాలి.

నేనిక్కడ ఊపిరాడని పనిలో ఉన్నాను. మా ఫోటోగ్రాఫర్ల సంఘం ప్రదర్శన దగ్గరపడుతోంది. ఈసారి పెద్ద బహుమతి మనదేనని అందరూ అంటున్నారు. ముసలి ముఖం ఒకటి దొరికితే చాలు, గోడంత ప్రింటు వేసి అందరి నోళ్ళూ మూయిస్తా. మీ అమ్మ ఇక్కడే ఉంటే నీకు చూపించేవాణ్ణి, ముఖం తీయడమంటే ఏమిటో.

బావ

*

ముందు గది నుంచి

బావగారికి,

కడుపు సంగతి ఇక రాయను. అక్కకి క్షమించమని చెప్పండి.

మా దర్జీ గుడ్డ కొనడానికి మీ వైపు వచ్చాడు. మీ స్టూడియో ముందు నుంచే వెళ్ళాడట. లోపలికి రావడానికి మొహమాటపడ్డాడట. "ఏం చూశావయ్యా అక్కడ?" అనడిగాను. "ఏముందమ్మా, నన్ను నేనే చూసుకున్నా" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం, బట్టల సంగతులూ అవీ.

ఈ మధ్య మీ స్టూడియో ముందు అద్దాల అరలో ఏ ఫోటోలు పెట్టారు? నేర్చుకునేదాన్ని కదా, ఊరికే తెలుసుకుందామని.

మీ మరదలు

*

స్టూడియో నుంచి

పొట్టీ,

మీ దర్జీ వచ్చాడా? ఎప్పుడు? వస్తే లోపలికి రావొద్దూ, టీ ఇచ్చేవాణ్ణి కదా. అయినా ఆ గుడ్డముక్కలవాడికి ఫోటోల సంగతేం తెలుసు. అరలో ఏముంటాయి, ఎప్పుడూ ఉండేవే. ఓ పెళ్ళి జంట, ఓ చంటిపిల్లాడు, పట్టా పుచ్చుకున్న కుర్రాడు. ఎండకి రంగు కూడా పోయింది. తీసేయాలి.

నువ్వు ఆ గొడవలు మాని పని చూసుకో. నీ మీద నాకింకా ఆశ చావలేదు. ఆఖరిసారి ఒకటి చెయ్యి. మీ అమ్మని కూర్చోబెట్టు. కెమెరా బాగా దగ్గరగా, ముఖమంతా నిండేట్టు. కళ్ళు బాగా తెరవమను. నెగటివ్ వెంటనే పంపు, ప్రదర్శన లోపు. లోపు అంటే, నేనా హడావిడిలో పడక ముందు అని. అప్పుడు చూసి, గది ఉంచాలో తీసేయాలో నిజాయితీగా చెబుతా.

బావ

*

ముందు గది నుంచి

బావగారికి,

అమ్మ ఫోటో పంపుతున్నాను. కెమెరా ముక్కుకి తగిలేంత దగ్గర పెట్టాను. కళ్ళు బాగా తెరిచింది. బల్బు మీరు చెప్పినట్టు కాక, మొదట్లో నాకు నచ్చినట్టే దూరంగా పెట్టాను. గొడుగు అదే. కెమెరాకో పొడుగు తీగ ఉంది కదా, మీట నొక్కేది, దాంతో గొడుగు పక్కనే నిలబడి నొక్కాను.

ఇంతకంటే బాగా తీయడం నాకు రాదు. మీరే చెప్పండి.

మీ మరదలు

*

స్టూడియో నుంచి

పొట్టీ,

చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. మూసెయ్.

ప్రింటు ఇందులో ఉంది. మీ అమ్మ ముఖం తడిసిన గోడలా ఉంది. నీకు చెయ్యి లేదు, కన్నూ లేదు. ఉన్నది పంతం ఒక్కటే, దాంతో ఫోటోలు రావు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదాలనుకుంటే మునిగేది నువ్వే. మీ ఆయనకి ఈ ఉత్తరం చూపించు. ఉయ్యాల కొనమను. బిడ్డని చూసుకో, ఆ పని అయినా సరిగ్గా చెయ్యి.

బావ

*

ముందు గది నుంచి

బావగారికి,

చూపించాను. ఆయన దుప్పటి విప్పి మడతపెట్టారు. బల్బు పెట్టెలోకి పోయింది. గొడుగు తలుపు వెనక చేరింది, వానొస్తే పనికొస్తుంది. ఉయ్యాల వచ్చింది, స్టూలు ఉన్నచోటే పట్టింది.

మీ ప్రదర్శన బాగా జరగాలని కోరుకుంటున్నాను. అక్కని కూడా తప్పకుండా తీసుకెళ్ళండి.

మీ మరదలు

*

స్టూడియో నుంచి

నీకు సంబోధన కూడా దండగ.

పాముకి పాలు పోశాను. కాటేశావు. సంతోషమేనా?

ఏం జరిగిందో వినాలని చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటావు. విను. హాలు నిండా జనం. మీ అమ్మ ముఖం గోడంత. ఒక్కో కన్నూ పళ్ళెమంత. అందరూ దాని ముందే ఆగుతున్నారు. బహుమతి నాదేనని సంఘం పెద్ద చెవిలో కూడా చెప్పాడు. అప్పుడు న్యాయనిర్ణేత, ఆ ముసలాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఆ కంటి దగ్గరికి ముఖం తీసుకెళ్ళాడు. "ఈ గొడుగు పక్కన స్టూలెక్కి నిలబడిన ఆవిడెవరండీ? నిండు చూలాలు" అన్నాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, పక్కకి తిరిగి, పొట్ట కనబడేట్టు నిలబడ్డావు కదే! రెండు కళ్ళల్లోనూ!

నోటికొచ్చింది అనేశాను, "మా ఆవిడండీ" అని. అంతే, హాలు మొత్తం మీ అక్క వైపు తిరిగింది. దాని పొట్ట వైపు. ఎవరో పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుని "ఎన్నో నెలమ్మా?" అంది. మీ అక్క చెయ్యి విడిపించుకుంది. అరవలేదు. మామూలుగా, కూరలు బేరమాడినట్టు చెప్పింది. "అది నేను కాదు. నాకు కడుపు నిలవలేదు. అది మా చెల్లెలు. ఆ ఫోటో తీసింది కూడా అదే. స్టూడియో అద్దాల అరలో ఉన్న దర్జీ, నర్సు, అన్నీ దానివే."

ఇరవై ఏళ్ళ పేరు. సంఘం బోర్డు మీంచి నా పేరు నా కళ్ళ ముందే తీశారు. నా పొట్ట మీద కొట్టావు. పోనీ, నా సంగతి వదిలెయ్. నీ పొట్ట చూపించి మీ అక్కని నలుగురిలో నిలబెట్టావే, అదేం పాపం చేసింది?

చేసింది. చెబుతా విను, నువ్వొక్కదానివే హాయిగా ఎందుకు నిద్రపోవాలి! నాకు రెండేళ్ళుగా చూపు సరిగ్గా లేదు. బయట ఎవరికీ తెలియదు. డార్క్‌రూమ్‌లో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. ప్రింట్లన్నీ వేసేది మీ అక్కే, ఎర్ర పెన్సిల్ గీతలూ దానివే. నీ ఫోటోలు అరలో పెట్టింది నేనే, ఒప్పుకుంటా. కానీ ఆ బూడిద ముఖాలు? "దాని తల మరీ ఎగరనీయకు" అన్నాను, అంతకుమించి అనలేదు. కాగితం మీద బొమ్మ పూర్తిగా తేలకముందే, దాన్ని తేల్చే మందులోంచి తీసేసింది నీ అక్క. ఒక్కోటీ ఏరి ఏరి, చేజేతులా. ఎందుకే అంటే, "అన్నీ దానికేనా?" అంది.

ఆ కంట్లో నువ్వున్నావని కూడా దానికి ముందే తెలుసు. గోడంత ప్రింటు వేసిన మనిషికి తెలియదా? ఎందుకు చెప్పలేదే అనడిగాను. "చెప్పాలనిపించలేదు" అంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీ ఇంటి దొంగ ఎవరో ఇప్పుడు తెలిసిందిగా. ఏడువు.

*

ముందు గది నుంచి

బావా,

పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, నువ్వు కూడబలుక్కుని చదువుకోవాలని. చదివిపెట్టే మనిషి ఇక్కడుంది. "మీరు" అనే అలవాటు కాన్పుతో పాటే పోయింది. ఆడపిల్ల. గుండ్రంగా ఉంది.

అక్క పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. బిస్కెట్ల డబ్బాలో నా నెగటివ్‌లన్నీ తెచ్చింది, ఒక్కటీ పోకుండా. నేను లోపలికి రమ్మనలేదు. పక్కకి జరిగాను, అంతే. నీ ఉత్తరం అక్క కంటే ముందే చేరింది.

అక్కని నలుగురిలో ఎందుకు నిలబెట్టావని అడిగావుగా, జవాబు చెబుతాను. దర్జీ చెప్పాడు, తన ముఖం మీ అరలో తలుపంత ఉందని, మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చని, కింద నీ పేరుందని. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. మోసపోయినందుకు కాదు. ఇన్ని నెలలు నా కళ్ళని నేనే నమ్మకుండా, లేని తప్పు దిద్దుకుంటూ, అమ్మ కళ్ళు మంటపెట్టినందుకు. తర్వాత స్టూలెక్కాను. ఎక్కినప్పుడు అక్క గుర్తుకు రాలేదనుకుంటున్నావా? వచ్చింది. అది ఆ పొట్ట చూస్తుందని తెలుసు, దానికెలా ఉంటుందో తెలుసు. తెలిసే పక్కకి తిరిగాను. నలుగురిలో నీ పరువు పోవాలి, దానికి అక్క మనసు విరిగినా సరే అనుకున్నాను. నన్ను పాము అన్నావు. నిజమే. నువ్వు పోసిన పాలు ఎలాంటివో కూడా చెప్పాల్సింది.

ఇప్పుడు మా స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టాం. అక్కకి పని అప్పజెప్పాను. బూడిద చేసిన ప్రతి ముఖాన్నీ మళ్ళీ వేయాలి. దర్జీ, నర్సు, అమ్మ, అందరూ. వేసి తెచ్చి చూపిస్తుంది. నేను పిల్లకి పాలిస్తూ చూసి, "ఇంకొంచెం తేలాలి" అంటాను. బాగానే ఉంటుంది. అయినా అంటాను. మళ్ళీ లోపలికి వెళుతుంది. ఒక్కోసారి లోపల ఏడుస్తున్నట్టు వినబడుతుంది. నేను రేడియో పెంచుతాను. నిన్న పిల్లని ఎత్తుకోనా అని అడిగింది. "మందుల చేతులు, కడుక్కునిరా" అన్నాను. కడుక్కుంది. చాలా సేపు కడుక్కుంది. ఎర్రబడ్డ చేతులు తెచ్చి నాకు చూపించింది. "పిల్ల నిద్రపోయింది" అన్నాను.

ఎప్పటికైనా ఇస్తాను. రేపో ఎల్లుండో. ఇవ్వకుండా ఉండలేను, అక్క కదా. కానీ ఇవాళ కాదు.

మా ఆయన కొత్త ప్రింట్లు చూసి, ఉయ్యాలని పడకగదిలోకి లాక్కెళ్ళి, దుప్పటి మళ్ళీ కట్టారు. తలుపు వెనక నుంచి గొడుగు తీసి తుడిచారు. "నేను మీ బావగారి మాట నమ్మాను" అన్నారు, తల దించుకుని. దర్జీ తన వాళ్ళందరినీ వెంటేసుకుని వస్తానన్నాడు. బయట బోర్డు పెట్టాం. పొట్టి ఫోటో స్టూడియో. పేరు పెట్టింది నువ్వే కాబట్టి నువ్వు గర్వపడొచ్చు.

మొదటి ఫోటో అక్కది తీశాను. గొడుగు లేకుండా, బల్బు నేరుగా, ఎత్తు మీంచి. ఆ వెలుగు ఎవరినీ కాపాడదు, బల్బు దగ్గరికి లాగమని నేర్పింది నువ్వే. పడ్డదంతా కనబడింది. నీతో ఉన్న ఏళ్ళన్నీ, ఆసుపత్రులు రెండూ, నాకు చేసింది కూడా. కళ్ళు తిప్పుకోలేదు. దాని కంట్లో వెలుగుచుక్క ఒక్కటే ఉంది. ఈసారి నేను అడ్డు నిలబడలేదు. ప్రింటు అదే వేసింది, మందులోంచి ముందుగా తీయకుండా. నేను కూడా ఈ ఒక్కదానికి మాత్రం "ఇంకొంచెం" అనలేదు.

ఈ ఉత్తరంతో పాటు అదే పంపుతున్నాను. వెలుగున్న చోట పట్టుకుని చూడు. మసగ్గా కనబడితే, ఈసారి తప్పు ప్రింటుది కాదు.

పొట్టి